కంపలో దొరికిన బంతి

డైనింగ్ టేబుల్ మీద బోర్లించిన స్టీలు గ్లాసును పొద్దుటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు.

శనివారం. పదకొండు కావస్తోంది. గ్లాసుకు ఒక పక్క ఊరగాయ జాడీ, ఇంకో పక్క రేపటి కృతజ్ఞతా కూటానికి అచ్చు వేయించిన పత్రాల కట్ట. పత్రం మీద కూతురు కెజియా గెలిచిన కప్పు రెండు చేతులా పట్టుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. థామస్ మాస్టారు ఆ నవ్వుకు ఎదురుగా కాఫీ పెట్టుకుని కూర్చున్నాడు. కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది.

"ఆ గ్లాసు తియ్యి," అన్నాడు చివరికి.

"నువ్వే తియ్యి," అంది అన్నమ్మ వంటింట్లోంచి. "కింద ఏముండాదో నీకు తెల్దా ఏంది?"

తెలుసు. పొద్దున ఎనిమిదికి సింధూజ పుంగనూరు బస్సు దిగి, గేటు అవతలే నిలబడి, "పదిహేడో గుంత కాడ కంపలో దొరికె, సార్‌కి ఇయ్యండి ఆంటీ" అని ఒక గోల్ఫ్ బంతి అన్నమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. కాఫీ తాగి పొమ్మంటే కూడా ఆగలేదు. పదేళ్ళు ఈ ఇంట్లో తిని, ఈ ఇంట్లో పెరిగిన పిల్ల గడప తొక్కకుండా వెనక్కి పోయిందంటేనే అన్నమ్మకు సగం అర్థమైపోయింది. మిగతా సగం బంతి మీద రాసి ఉంది.

ఎర్ర సిరాతో చిన్న సిలువ. దాని కింద తేదీ. పదకొండు, మూడు, ఇరవై రెండు.

ముప్పై రెండేళ్ళు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి అన్నమ్మ. సెలైన్ సీసా తగిలిస్తే తేదీ రాయాలి, మందు సీసా తెరిస్తే తేదీ రాయాలి. రిటైరైనా ఆ చెయ్యి ఊరుకోలేదు. ఊరగాయ జాడీ మీద తేదీ, ఇడ్లీ పిండి డబ్బా మీద తేదీ. ఆటగాళ్ళు ఎవరి బంతి వాళ్ళు గుర్తుపట్టడానికి దాని మీద ఏదో ఒక గుర్తు వేసుకుంటారని మొగుడు చెప్పిన రోజు నుంచి, ఆ పని కూడా ఆమే చేసేది. పోటీ ఉన్న పొద్దున ప్రార్థన చేసుకుని, ఇద్దరు పిల్లలకూ ఆరేసి బంతులు. కెజియా బంతులకు సిలువ, సింధూజ బంతులకు బొట్టు. కింద ఆ రోజు తేదీ.

"ప్రాక్టీసులో పోయిన బంతేమో," అన్నాడు థామస్.

అన్నమ్మ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ప్రాక్టీసు బంతులకి నేను తేదీ ఎప్పుడేసినా? పోటీ బంతులకే గదా ఏసేది."

"అయితే ఏందంటావు?"

"నేననేదేముండాది? పదిహేడో గుంత కాడ బిడ్డ బంతి లంటానా కంపలోకి పోయె. దొరికింది అని అరిసినోడివి నువ్వు. ఆ బంతి దొరికుంటే, ఈ బంతి నాలుగేళ్ళు కంపలో యాల ఉండాదప్పా?"

థామస్ చల్లారిన కాఫీ పక్కకు జరిపాడు.

మదనపల్లెలో టమాటా ధర తెలియని మనిషి ఉండడు, గోల్ఫ్ అంటే తెలిసిన మనిషి దొరకడు. స్కూల్లో డ్రిల్లు మాస్టారు చేసే పని చాలక, ఆదివారం గుడిలో ప్రార్థన అయిపోగానే కూతుర్నీ, పుంగనూరు పిల్ల సింధూజనీ స్కూటరెక్కించుకుని ఎండలో కర్రలు తిప్పిస్తుంటే, మాస్టారికి కొంచెం తేడా చేసిందనే అనుకున్నారంతా. ఆ తేడా మనిషే ఇద్దర్నీ కుప్పం అవతలి మైదానానికి తీసుకుపోయి, ప్రొఫెషనల్ టూరు కార్డు ఇచ్చే అర్హత పోటీ దాకా తెచ్చాడు. ఆ కార్డు ఉంటేనే పెద్ద పోటీల్లో ఆడనిస్తారు. చివరి రోజు చివరి ఆటకు మిగిలింది ఒకే ఒక్క కార్డు. ఒకే గుంపులో ఆడుతున్న ఇద్దరు పిల్లలూ సమానంగా ఉన్నారు.

కంపలో పడిన బంతిని మూడు నిమిషాల్లో వెతికి పట్టాలి. దొరక్కపోతే వెనక్కి పోయి ఒక దెబ్బ నష్టంతో మళ్ళీ కొట్టాలి. కూతురి బ్యాగు మోస్తున్న థామస్ కంప చుట్టూ తిరిగాడు. రెండు నిమిషాలు దాటాయి. ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాడు, చేతికి తగిలిన బంతిని చూడకుండానే కాలి పక్కన గడ్డిలోకి వదిలాడు, "దొరికింది" అన్నాడు. అంతే. అంత సులువుగా అయిపోయింది. కెజియా ఒక్క దెబ్బ తేడాతో గెలిచింది.

"ఇంకో బంతి ఏసినావు," అంది అన్నమ్మ. అది అడిగినట్టు లేదు.

"ఏసినా."

ఆ మూడక్షరాలూ నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్నట్టు బయటికొచ్చాయి. అన్నమ్మ తిడుతుందనుకున్నాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బిడ్డకి తెల్సునా?"

"తెల్దు. దేవుడి తోడు, దానికేం తెల్దు."

"ఈ మాటకి దేవుణ్ణి పిలవద్దప్పా," అంది అన్నమ్మ చాలా మెల్లగా.

అప్పుడే ఫోను మోగింది. పాస్టర్ శాలేము రాజు.

"మాస్టారూ, రెండొందల కుర్చీలు సరిపోతాయా? మన అమ్మాయి సాక్ష్యం వినాలని వాయల్పాడు సంఘం కూడా వస్తాండాది. ఒట్టి చేతుల్తో మొదలుపెట్టిన బిడ్డని దేవుడు యాడికి తీసకపోయినాడో బాగా చెప్పమనండి. పిల్లోళ్ళు నేర్చుకోవాల."

"చెప్తానయ్యగారూ," అన్నాడు థామస్.

అన్నమ్మ లేచింది. "రేపు ఆ బిడ్డ సంఘం ముందర నిలబడి దేవుడు గెలిపించినాడని చెప్పేలోగా నువ్వు దానికి నిజం చెప్పాల. నువ్వు చెప్పకుంటే నేను చెప్తా. తెలీక అబద్ధం సాక్ష్యం చెప్పేదానికి నేను కనలేదు దాన్ని."

"చెప్తే అది ఆడగలదా అన్నమ్మా? మొదటి ఏడాది ఎన్ని పోటీల్లో సగంలోనే ఇంటికొచ్చింది! రిజర్వేషన్ లేని రైల్లో బ్యాగు మీద కూర్చోని పోయింది. చెయ్యి వాచిపోయి ఆర్నెల్లు కర్ర పట్టలేదు. అదంతా అది పడిన కష్టమే గదా? అందులో అబద్ధం యాడుండాది?"

"కష్టం దానిదే. కాదన్నదెవరు?" అన్నమ్మ గ్లాసు వైపు చూసింది. "సింధూజ పడినది ఏంది మరి?"

థామస్ స్కూటరు తాళం తీసుకుని బయటికి నడిచాడు.

* * *

పుంగనూరుకు అతను వెళ్ళింది క్షమాపణ అడగడానికి. దారి పొడుగునా అదే అనుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో, ఏ మాట ముందు అనాలో అంతా పేర్చుకున్నాడు.

పట్టుపురుగుల షెడ్డు ముందు సింధూజ తండ్రి గోవిందప్ప మల్బరీ ఆకు మోపు దించుతున్నాడు. థామస్‌ను చూడగానే తువ్వాలుతో కుర్చీ దులిపాడు.

"రాండి సార్, రాండి. కూసోండి. కెజియమ్మ కప్పు కొట్టినాదంట గదా! పేపర్లో సూసి మా ఈదిలో అందరికీ సూపిచ్చినా. మా సారు కూతురు అని."

థామస్ కూర్చోలేక కూర్చున్నాడు.

"మా పాప ఆ పొద్దు ఒక్క దెబ్బ ఎక్కువ కొట్టి ఓడిపోయెనంట. నాకిప్పుటికీ తెల్దు సార్, ఎక్కువ కొట్టినోళ్ళు ఓడేదేం ఆటప్పా అది?" గోవిందప్ప తనే నవ్వాడు. "పోనీ లెండి. మీ చలవతో కుప్పంలో పిల్లోళ్ళకి నేర్పించే పనన్నా దొరికె. శనాదివారాలు ఇంటికొస్తాది. మీరు సేసిన మేలు మరిసేది కాదు సార్."

ఆ మాట కన్నా చెప్పుతో కొట్టినా బాగుండేదనిపించింది థామస్‌కు. షెడ్డులో కత్తి పీట ముందు సింధూజ ఆకు తరుగుతోంది. తండ్రి మజ్జిగ తెస్తానని లోపలికి పోయేదాకా ఆమె తలెత్తలేదు.

"యాల తెచ్చిచ్చినావమ్మా?" అన్నాడు థామస్.

"మీ బంతి మీకియ్యాల గదా సార్. ఎవురి బంతి వాళ్ళకియ్యాలని మీరే నేర్పించినారు."

"ఎప్పుడు దొరికింది?"

"మూడు నెలలైంది. పదిహేడో గుంత కాడ కంప కొట్టిస్తాండారు. పనోళ్ళు ఏరి తెచ్చిన బంతుల్లో ఉండె. ఆంటీ రాత సూడంగానే గుర్తు పట్టినా." కత్తి పీట ఆగింది. "తేదీ సూసినాక మూడు దినాలు అన్నం సయించలా."

"ఇంకెవరికన్నా చెప్పినావా?"

అనేశాక థామస్‌కు తన నోటి మీద తనకే అసహ్యం పుట్టింది. అన్ని మైళ్ళు పేర్చుకొచ్చిన మాటల్లో ఇది లేదు. ఇదొక్కటే బయటికొచ్చింది.

సింధూజ అప్పుడు తలెత్తి చూసింది. కోపంగా చూసినా తట్టుకునేవాడు. ఆమె పాఠం అర్థం కాని పిల్లలా చూసింది.

"లేదు సార్. నాయనకి కూడా చెప్పలా. చెప్తే మీకు కుర్చీ ఎయ్యడు."

"సింధూ..."

"ఆ పొద్దు మీ ఎనకే నేనూ కంపలో చెయ్యి పెట్టి ఎతికినా సార్. కెజియా బంతి పోతే నాకే మంచిది. అయినా ఎతికినా. తోటి ఆటగాళ్ళది పోతే ఎతకాలని చెప్పినారు గదా." మణికట్టు తిప్పి చూపించింది. పొడుగాటి తెల్లటి గీత. "సాయంత్రం ఆంటీ మందు పూసె. మీరు దూది పట్టుకోని పక్కనే నిలబడినారు."

అతనికి గుర్తుంది. దూది అతని చేతిలో వణికింది కూడా గుర్తుంది. కార్డు వచ్చిన సంతోషంలో మాస్టారికి చేతులు వణుకుతున్నాయని అందరూ నవ్వారు.

"కెజియాకి తెల్దమ్మా," అన్నాడు. "తప్పంతా నాది. దానికేం తెల్దు."

"తెల్దనే నేనూ అనుకుంటాండా. అందుకే మీకిచ్చినా, దానికియ్యలా." సింధూజ మళ్ళీ ఆకు అందుకుంది. "అది నాకు చెల్లెలు మాదిరి సార్. ఒకే బ్యాగులో కర్రలు పెట్టుకోని నేర్చుకున్నాం."

"నీకేం కావల్నో చెప్పు. ఏమన్నా సరే చేస్తా."

"నాకేం వద్దు. రేపు పొద్దున టిఫినుకి రమ్మని, ఆణ్ణించి గుడికి పోదామని ఆంటీ పోయిన వారమే పిలిచె. వస్తా. కెజియా ఏం చెప్తాదో విని పోతా."

గోవిందప్ప మజ్జిగ తెచ్చాడు. ఉప్పు, అల్లం, కొత్తిమీర వేసిన చక్కటి మజ్జిగ. థామస్ గడగడా తాగేసి, "వస్తానప్పా" అని లేచాడు. స్కూటరు ఊరు దాటాక గుర్తొచ్చింది, క్షమించమని ఒక్కసారి కూడా అనలేదని. వెనక్కి తిప్పుదామని బండి ఆపాడు. కాసేపు అక్కడే నిలబడి, మదనపల్లె వైపే పోయాడు. ధైర్యం లేని మనిషికి దారి ఎప్పుడూ ఇంటివైపే సులువుగా ఉంటుంది.

* * *

ఆదివారం పొద్దున ఏడున్నరకు కెజియా కారు గేటు ముందు ఆగింది. బెంగుళూరు నుంచి తనే నడుపుకుంటూ వచ్చింది. తెల్ల చుడీదార్ వేసుకుంది. ముఖం మాత్రం కప్పు గెలిచిన పిల్ల ముఖంలా లేదు.

అన్నమ్మ ఇడ్లీ, శనక్కాయల చట్నీ పెట్టింది. గ్లాసు నిన్న ఎక్కడ ఉందో అక్కడే ఉంది.

"ఏంది మమ్మీ ఇది? ఈగ పట్టినావా?" అంది కెజియా.

అన్నమ్మ మొగుడి వైపు చూసింది. థామస్ ఇడ్లీ తుంచుతున్నాడు. తుంచిన ముక్కనే మళ్ళీ తుంచుతున్నాడు.

"డాడీ, ఏమైంది?"

"ఏం లేదమ్మా. నువ్వు తిను. గుడికి టైమైతాది."

"చెప్పప్పా," అంది అన్నమ్మ.

"తిననీ దాన్ని. తిన్నాక చెప్తా."

"నిన్నట్నుంచి తింటానే ఉండాం గదా."

థామస్ నోరు తెరిచాడు. 'ఆ రోజు' అనాలి. అక్కడ మొదలుపెడితే మిగతాది అదే వస్తుంది. కూతురు చట్నీ వేళ్ళతో తన వైపే చూస్తోంది. చిన్నప్పుడు బంతి ఎంత దూరం పోయిందో చెప్పమని ఇలాగే చూసేది. అతను అరవై అడుగులు పోతే నూరు అని చెప్పేవాడు.

"నీ సాక్ష్యం రాసుకొచ్చినావా?" అన్నాడు.

అన్నమ్మ ఇక ఆగలేదు. ముందుకు వంగి గ్లాసు ఎత్తేసింది.

బంతి వానలకు తడిసి పసుపు పట్టి ఉంది. సిలువ ఒక పక్క మాసిపోయింది. తేదీ మాత్రం చక్కగా ఉంది. కెజియా దాన్ని వేలితో తిప్పి చూసింది. ఎక్కడిదని అడగలేదు. ఎవరు తెచ్చారనీ అడగలేదు.

"సింధక్క తెచ్చినాదా?"

"ఊ," అంది అన్నమ్మ.

కెజియా చెయ్యి కడుక్కుని బయటికి పోయింది. కారు డిక్కీ తెరిచిన చప్పుడైంది. గోల్ఫ్ బ్యాగు జిప్పు లాగిన చప్పుడైంది. తిరిగి వచ్చి, గుప్పిట విప్పి, రెండో బంతిని మొదటిదాని పక్కన పెట్టింది.

ఈ బంతి కొత్తదానిలా ఉంది. ఎర్ర సిరాతో గుండ్రటి బొట్టు. కింద అదే తేదీ.

"నువ్వు ఆ పొద్దు ఏసిన బంతి ఇది డాడీ."

థామస్‌కు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీ చేతులు పట్టుకున్నాడు. ఆ పొద్దున ఇద్దరు పిల్లల బంతులూ అతనే జేబుల్లో వేసుకుపోయాడు. మైదానంలో ఎవరివి వాళ్ళకు పంచాడు. ఒకటి జేబు అడుగున ఉండిపోయింది. దాన్నే చూడకుండా వదిలాడు.

"నీకు... తెల్సునా?"

"కొట్టే ముందర నా బంతో కాదో సూసుకోవాల గదా. వంగి సూస్తే బొట్టు కనపడె." కెజియా బొట్టు మీద వేలు పెట్టింది. "ఒక్క మాట అనుంటే సరిపోయేది. ఇది నాది కాదు అని. సింధక్క కంపకి అవతల ఉండె. నువ్వు నా వంక సూడకుండా ఆకాశం సూస్తాండావు. నోరు రాలేదు డాడీ. కొట్టేసినా. గుంతలో పడినాక గబుక్కున తీసి గుప్పిట్లో పెట్టుకున్నా."

"నాలుగేళ్ళు దగ్గర పెట్టుకున్నావా!" అంది అన్నమ్మ.

"యాడ పారెయ్యాల మమ్మీ? ప్రతి పోటీకీ బ్యాగులో ఉండాది. నువ్వు చెప్తావని నేను కాసుకోని ఉన్నా డాడీ. నువ్వు తెలిసి చేసినావు, నేను తెలిసి ఆడినా. ఇద్దరం ఫోన్లో రోజూ గాలి ఎట్లుండాది, గుంత చుట్టూ గ్రీన్ మీద గడ్డి ఎట్లుండాది అని మాట్లాడుకుంటిమి."

థామస్ కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు. నాలుగేళ్ళూ ఈ పాపం తన ఒక్కడిదే అనుకుని, బిడ్డ చేతులు శుభ్రంగా ఉన్నాయి కదా అని దాన్ని పట్టుకునే బతికాడు. ఆ ఒక్క ఆధారమూ ఇప్పుడు టేబుల్ మీద బొట్టు పెట్టుకుని కూర్చుంది.

"మొన్న కప్పిచ్చినాక మైకు పెట్టి, ఎవురికి థాంక్స్ చెప్తావంటే, మా డాడీకి అన్నా. ఆ మాట అన్నాక నాకు ఇంక ఆడబుద్ధి కాలేదు," అంది కెజియా. "ఈ పొద్దు అందరి ముందర ఉండేది ఉన్నట్టు చెప్పేస్తా. టూరు ఆఫీసుకి కూడా రాస్తా."

"వద్దమ్మా!" థామస్ లేచి నిలబడ్డాడు. "కార్డు పోతాది. కప్పు పోతాది. పేపర్లో ఏస్తారు. నేనే లేచి చెప్తా. నేనేసినా, నా బిడ్డకి తెల్దు అని చెప్తా. అది సగం నిజమే గదా. నన్ను ఏమన్నా అనుకోనీ."

"మళ్ళా ఇంకోటా డాడీ?"

థామస్ మళ్ళీ కూర్చున్నాడు.

బయట గేటు గడియ చప్పుడైంది. "ఆంటీ!" అని సింధూజ పిలుపు. ఈసారి గేటు అవతల ఆగలేదు, చెప్పులు వదులుతున్న చప్పుడు వరండాలో వినబడింది.

అన్నమ్మ గబగబా గ్లాసు అందుకుంది, బొట్టు బంతి మీద బోర్లించబోయింది. ఆ చెయ్యి అలా చేస్తుందని ఆమే అనుకుని ఉండదు. కెజియా తల్లి మణికట్టు పట్టుకుంది.

"ఉండనీ మమ్మీ."

సింధూజ లోపలికి వచ్చింది. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది, తలలో కనకాంబరాలు. చేతిలో గుడిలో ఇవ్వడానికి అరటిపళ్ళ హస్తం. కెజియాను చూసి నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో టేబుల్ మీదికి పోయింది.

సిలువ బంతి ఆమె తెచ్చినదే. ఆమె చూస్తున్నది రెండోదాన్ని.

అరటిపళ్ళు కుర్చీలో పెట్టి దగ్గరికి వచ్చింది. బంతిని అరచేతిలోకి తీసుకుంది. బొట్టు చూసింది, తేదీ చూసింది. తర్వాత కెజియా ముఖం చూసింది, అక్కడ చాలాసేపు ఆగింది. కెజియా తల దించుకుంది.

"ఆ పొద్దు మీరు నాకు ఐదే ఇచ్చినారు సార్," అంది సింధూజ థామస్ వైపు తిరిగి. "ఆంటీ ఎప్పుడూ ఆరు రాస్తాది గదా, ఇంకోటి యాడ సార్ అని అడిగితే, మీ ఆంటీ ఎక్కడో మరిచిపోయుంటాదిలే, ఐదుతో ఆడుకో అన్నారు."

ఆమె అరచెయ్యి అతని ముందుకు చాచింది. మణికట్టు మీది తెల్ల గీత, దాని పైన ఎర్ర బొట్టు.

"ఆరోది ఇదేనా సార్?"